వంటిల్లు సర్దాక... ఈజిప్టులో తవ్వకాలు!

రాత్రి తొమ్మిదిన్నరకి స్టవ్ తుడిచి, గిన్నెలు బోర్లించి, పాలు తోడు పెట్టేశాక మీరేం చేస్తారు? "సీరియల్ చూస్తా" అంటారు కొందరు. "చెల్లెలికి ఫోన్ చేస్తా" అంటారు ఇంకొందరు. "ఇంకేం చేస్తాం, నడుం వాలిస్తే తెల్లారిపోతుంది" అనేవాళ్ళే ఎక్కువమంది. నేను మాత్రం పలుగు భుజాన వేసుకుని ఈజిప్టు వెళ్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, 52 ఏళ్ళ గృహిణిగా నాకు ఈ అరగంట గురించి కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. అవి మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

2020లో బడులూ కాలేజీలూ మూతబడి పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోకి వెళ్ళినప్పుడు చాలా ఇళ్ళల్లోలాగే మా ఇంటికీ ఒక ట్యాబ్ వచ్చింది. అమ్మాయి ఇంటర్ అయ్యేదాకా వాడింది. తర్వాత అది బీరువాలో పట్టుచీరల కిందికి చేరింది. ఒక సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు తనే దాన్ని బయటికి తీసి, "అమ్మా, ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు ఒక్క గడి వదలకుండా నింపుతావుగా, ఇది నీకు నచ్చుతుంది" అంటూ ఒక ఆట ఎక్కించి వెళ్ళింది. దాని పేరు డిగ్గీస్ అడ్వెంచర్. యూరప్‌లో స్లొవేకియా అని ఒక చిన్న దేశం ఉంది. దాని రాజధాని బ్రాటిస్లావాలో ఉన్న పిక్సెల్ ఫెడరేషన్ అనే కంపెనీ దీన్ని తయారుచేసింది.

డిగ్గీ అనే కుర్రాడు నిధుల వేటగాడు. ప్రొఫెసరు ఒకాయన, లిండా, రస్టీ అని తోడు ఉంటారు. మొదట ఈజిప్టు, తర్వాత స్కాండినేవియా, చైనా... ఇలా దేశాలు తిరుగుతాడు. అక్కడి పాత దేవుళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో పని పురమాయిస్తారు. నేల మాళిగ అంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. గడి మీద వేలు పెడితే కుర్రాడు నడిచి వెళ్ళి పలుగుతో నాలుగు దెబ్బలు వేస్తాడు. దాని కింద నాణేలుండొచ్చు, తినే వస్తువుండొచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. మధ్యలో తాళం వేసిన తలుపులు, తోస్తే జరిగే బండలు, ఒకటి లాగితే ఇంకెక్కడో తెరుచుకునే మీటలు. ఏ బండ ముందు తోయాలి, ఏ దారిన వెళ్తే తిరిగి రాగలం అని ఆలోచించడంలోనే ఉంది అసలు మజా. తుపాకులు లేవు, రక్తం లేదు, ఎవరితోనూ పోటీ లేదు.

తవ్వే ఆటలు కొత్తవేం కాదు. 1982లోనే జపాన్ కంపెనీ నామ్కో 'డిగ్ డగ్' అనే ఆట తెచ్చింది. నాణెం వేసి నిలబడి ఆడే పెద్ద పెట్టెల మీద ఆడేవారు దాన్ని. నేల కింద సొరంగాలు తవ్వుకుంటూ ఎదురొచ్చే భూతాల్లోకి పంపుతో గాలి కొట్టి పేల్చేయడం! మనిషికి మట్టి కనిపిస్తే కింద ఏముందో చూడాలనిపిస్తుంది కాబోలు. చిన్నప్పుడు మామిడి టెంక పాతిపెట్టి, మొలకొచ్చిందో లేదో అని రోజూ తవ్వి చూడని వాళ్ళు మీలో ఎంతమంది?

ఎనర్జీ అయిపోయింది!

ఈ ఆటకి ఆయువుపట్టు ఒకటుంది. పైన ఒక మూల 'ఎనర్జీ' అని ఒక లెక్క కనబడుతుంటుంది. ప్రతి గడి తవ్వడానికీ కొంత ఖర్చవుతుంది. మెత్తటి మట్టికి తక్కువ, రాతికి ఎక్కువ. అది సున్నా అయితే కుర్రాడు ఇంక తవ్వలేడు. అప్పుడు ఏం చెయ్యాలి? ఆట మూసి పక్కన పెడితే, మనం మన పనిలో ఉండగా దానంతటదే కొంచెం కొంచెంగా నిండుతుంది. లేదా కుర్రాడికి ఏదన్నా తినిపించాలి. తవ్వకాల్లో దొరికిన తిండి పెట్టొచ్చు, లేదంటే అతని శిబిరంలో వంట చెయ్యొచ్చు. అవునండీ, ఈ ఆటలోనూ ఒక వంటగది ఉంది! వంటింట్లోంచి తప్పించుకుని సముద్రాలు దాటి వెళ్తే అక్కడా వంటిల్లే ఎదురైంది. ఇది ఆడవాళ్ళ తలరాత అనుకుని ఆ రోజు ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను.

నవ్వాను గానీ, ఆ లెక్క నా మనసులో ఉండిపోయింది. ఇంత తవ్వితే ఇంత ఖర్చు, ఆగితే ఇంత జమ. ఎంత స్పష్టంగా ఉందో! పొద్దున్న ఐదున్నరకి లేచి వాకిలి ఊడ్చిన దగ్గర్నుంచీ ఖర్చయ్యే మన శక్తికి ఇలాంటి లెక్క ఎవరు రాస్తారు? రాసేవాళ్ళు బొత్తిగా లేరని కాదు. కేంద్ర గణాంక శాఖ వాళ్ళు 2024లో దేశమంతటా 'సమయ వినియోగ సర్వే' చేశారు. జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారని తేలింది. అంటే మనకి దాదాపు ఐదు గంటలు, వాళ్ళకి గంటన్నర. అంతకుముందు 2019లో చేసినప్పుడు మనవి 299, వాళ్ళవి 97. ఐదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గాయని సంతోషిద్దామంటే, వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! ఇక ఆ పని ఎవరి మీద పడిందో మిక్సీలూ వాషింగ్ మెషీన్లూ చెప్పాలి.

అందుకే ఈ అరగంట నాకు అంత విలువైంది. దీన్ని ఇద్దరి దగ్గర్నుంచి కాపాడుకోవాల్సి వస్తోంది. ఒకరు ఇంట్లోవాళ్ళు. రెండోవాళ్ళు ఆట తయారుచేసినవాళ్ళు.

"ఈ వయసులో ఆటలేంటోయ్?"

ఇంట్లోవాళ్ళ సంగతి ముందు చెబుతాను. మావారు చెడ్డవారేం కాదు. కానీ నేను ట్యాబ్ తీసినప్పుడే ఆయనకి మంచినీళ్ళు కావాలి, బీపీ మాత్రల డబ్బా కనబడదు, రేపటి చొక్కా ఇస్త్రీ గుర్తొస్తుంది. "ఈ వయసులో ఆటలేంటోయ్, చిన్నపిల్లలా" అన్నారు ఒకరోజు, టీవీలో క్రికెట్ మీంచి చూపు తిప్పకుండానే. "మీరు ఎవరో ఆడుతుంటే చూస్తున్నారు, నేను స్వయంగా ఆడుతున్నానండీ" అన్నాను. దానికి ఆయన దగ్గర జవాబు లేకపోయింది. మంచినీళ్ళు మాత్రం తనే వెళ్ళి తాగారు.

అదే నేను చీర ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, చూశారా? బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే అనరు. ఆడది తీరిగ్గా కూర్చున్నా చేతిలో ఏదో ఇంటికి పనికొచ్చేది ఉండాలి. టీవీ చూసినా బీన్స్ తుంచుతూ చూడాలి. ఊరికే, తన సరదా కోసం, ఎవరికీ ఏమీ ఒరగని పని చేస్తే మాత్రం అది 'కాలక్షేపం' అవుతుంది, 'పిచ్చి' అవుతుంది.

పూర్వం ఇలా లేదనుకుంటాను. మా నాయనమ్మ, ఇరుగుపొరుగు అమ్మలక్కలు మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద వామనగుంటలు ఆడేవాళ్ళు. ఇటు ఏడు, అటు ఏడు గుంటలున్న చెక్క పీట, గుప్పెడు చింతపిక్కలు. వేళ్ళు అంత వేగంగా కదులుతుంటే మా కళ్ళు వెంట వెళ్ళలేకపోయేవి. అష్టాచెమ్మా సరేసరి. ఆ గంటసేపు మగవాళ్ళెవరూ అరుగు వైపు వచ్చేవాళ్ళు కాదు, వచ్చినా పక్కనుంచి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు అరుగులూ లేవు, అమ్మలక్కలంతా అపార్ట్‌మెంట్ తలుపుల వెనకాల. మిగిలింది ఈ పలక.

అయితే అందరికంటే పదునైన మాట అన్నది మా ఇంట్లో పనిచేసే ఆవిడ. ఒక మధ్యాహ్నం అంట్లు తోమి, చేతులు తుడుచుకుంటూ నా భుజం మీంచి తొంగి చూసింది. "ఏంటమ్మా అది? తవ్వుతున్నాడా ఆ పిల్లోడు? తవ్వటం కూడా ఆటేనా?" అంది. ఆవిడ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఉపాధి పనికి వెళ్ళేది. చెరువు పూడిక తీసింది, కాలవలు తవ్వింది. "మేం తవ్విన గుంతకి టేపు పెట్టి కొలిచేవాళ్ళమ్మా. కొలత తగ్గితే కూలి తగ్గేది. ఏప్రిల్ ఎండలో పలుగు దిగదు, చేతులు బొబ్బలు" అంటూ అరిచెయ్యి చాపి చూపించింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. "ఒకసారి చూస్తావా?" అని ట్యాబ్ చేతికిచ్చాను.

చూడాలి మీరు ఆవిడ తీరు! నేను అడ్డదిడ్డంగా తవ్వేదాన్ని. ఆవిడ మాత్రం ఒక్క గడి తవ్వే ముందు మాళిగ అంతా కళ్ళతో కొలిచింది. "ఇట్టా పోతే మట్టి తక్కువ, అట్టా పోతే రాయి. రాయి ఎందుకు కొట్టుకుంటావమ్మా, చుట్టూ తిరిగి పో" అంది. అలా పోతే నిజంగానే ఎనర్జీ సగం మిగిలింది. ఇంకాసేపటికి, "సాయంత్రం నీళ్ళు పోసి పొద్దున తవ్వితే మెత్తగా వస్తుంది గదా, ఈ ఆటలో ఆ ఏర్పాటు లేదా?" అని అడిగింది. లేదు. తయారుచేసినవాళ్ళలో ఎవరూ పలుగు పట్టి ఉండరు. "బాగానే ఉందిలే, చెమట పట్టలేదు" అని నవ్వి, చెప్పులేసుకుని ఇంకో ఇంటి పనికి వెళ్ళిపోయింది.

నిజం తవ్వకాలు

ఆ మాట తర్వాత నాకు నిజం తవ్వకాల మీద ధ్యాస మళ్ళింది. ఆటలో ఎదురొచ్చినదల్లా పగలగొట్టుకుంటూ పోవడమే. అసలు పురావస్తు తవ్వకాల్లో అలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది. ఈజిప్టులో టూటన్‌ఖామన్ సమాధి సంగతే చూడండి. 1922 నవంబరు 4న రాజుల లోయలో మొదటి మెట్టు బయటపడింది. నవంబరు 26న హోవర్డ్ కార్టర్ లోపలి తలుపుకి చిన్న కన్నం చేసి, కొవ్వొత్తి వెలుగులో తొంగి చూశాడు. ఉన్నది నాలుగు చిన్న గదులే. కానీ అందులోని 5,000కి పైగా వస్తువులకి అంకె వేసి, ఫొటో తీసి, విరిగిపోకుండా భద్రం చేసి బయటికి తేవడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. నేను అరగంటలో రెండు మాళిగలు ఖాళీ చేస్తాను!

అంత దూరం ఎందుకు, మాది నరసరావుపేట. మా పల్నాడు జిల్లాలోనే నాగార్జునకొండ ఉంది. సాగర్ డ్యామ్ కడితే లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో ఆ లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాల్ని విప్పి కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకీ తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఆ కొండ ఇప్పుడు నీళ్ళ మధ్య ద్వీపం. పడవలో వెళ్ళి మ్యూజియం చూసి, పులిహోర తిని వచ్చిన వాళ్ళు మీలో చాలామందే ఉంటారు.

ఆ లోయలో దొరికిన శాసనాల గురించి చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. అక్కడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది చాంతిసిరి అనే ఆవిడ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, పిల్లనిచ్చిన అత్తగారు కూడా. మేనరికం అప్పటికే ఉందన్నమాట! బోధిసిరి అనే ఉపాసిక ఇంకొక ఆవిడ. రాణి కాదు, అయినా ఎన్నో కట్టడాలకి దానం చేసి పేరు చెక్కించుకుంది. పదిహేడు వందల ఏళ్ళ కిందటి మన ప్రాంతపు ఆడవాళ్ళ పేర్లు మట్టి కిందనుంచి బయటికొచ్చాయి. ఆటలో వచ్చే బంగారు నాణేల కంటే నాకు ఇవి ఎక్కువ దొరికినట్టనిపించింది. ఆట ఆడకపోతే ఈ పుస్తకం తెరిచేదాన్నా అంటే, అనుమానమే.

ఉచితం... ఎంతవరకు?

ఇక రెండోవాళ్ళ సంగతి. ఆట దించుకోవడం ఉచితమే. మరి వాళ్ళకి డబ్బెలా? ఎనర్జీ అయిపోయిన క్షణం చూసుకుని వస్తుంది బేరం. ఇంకొక్క నాలుగు గడులు తవ్వితే తలుపు తెరుచుకుంటుంది, సరిగ్గా అక్కడ కుర్రాడు చతికిలబడతాడు. రత్నాలు కొంటే వెంటనే లేస్తాడట. రత్నాలంటే ఏముంది, అసలు రూపాయలే. "ఈ రోజు మాత్రమే", "ఇంకా రెండు గంటలే" అంటూ పక్కన గడియారం తిరుగుతుంటుంది. ఆషాఢం సేల్‌లో చీరలకొట్టువాడు ఇంతకన్నా మర్యాదస్తుడు.

నేను రూపాయి పెట్టను. పిసినారితనం కాదు. ఆగడం అనేది ఈ ఆటలో నాకు నచ్చిన భాగం. ఎనర్జీ అయిపోవడమే నాకు 'ఇక పడుకో' అని చెప్పే గంట. దాన్ని డబ్బిచ్చి ఆపడమెందుకు? కొనడం తప్పని కూడా అనను. సినిమా టిక్కెట్టులాగా ఇంత అని ముందే అనుకుని కొనేవాళ్ళుంటే వాళ్ళిష్టం. పిల్లల చేతికి ట్యాబ్ ఇచ్చే ఇళ్ళల్లో మాత్రం జాగ్రత్త. అమెరికాలో పిల్లలు తెలీక ఆటల్లో కొనేసిన వాటికి 2014లో ఆపిల్ కంపెనీ కనీసం 3.25 కోట్ల డాలర్లు తల్లిదండ్రులకి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది గూగుల్ 1.9 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది. అందుకని ప్లే స్టోర్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. బ్యాంకు కార్డు వివరాలు ఆ ట్యాబ్‌లో ఉంచకండి. ఆట నుంచి వచ్చే నోటిఫికేషన్లు ఆపేయండి. లేకపోతే పోపు వేగుతుండగా "డిగ్గీ మీకోసం ఎదురుచూస్తున్నాడు" అని పిలుస్తాడు. పోపు మాడుతుంది.

అన్నట్టు, డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలు వేరే సంగతి. వాటిని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టకూడదు.

"వ్యసనం అయిపోతుందేమో" అని మా అక్క భయపడింది. భయం న్యాయమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చిన వ్యాధుల జాబితాలో దీన్నీ చేర్చింది. అయితే వాళ్ళు గంటలు లెక్కపెట్టలేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితం కన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం, అదీ మామూలుగా ఏడాది పాటు సాగడం. ఇవీ వాళ్ళు చెప్పిన గుర్తులు. అక్కకి ఇదే చదివి వినిపించాను. "అయితే మీ బావగారికి ఫోనుతో ఉన్నది అదే" అంది.

మా ఆడపడుచు కొడుకు ఆడేది మైన్‌క్రాఫ్ట్. అదీ తవ్వుడే. స్వీడన్‌లో పుట్టిన ఆట, 2011లో పూర్తిగా విడుదలైంది, 2023 నాటికి 30 కోట్ల కాపీలు దాటింది. దాన్ని ఒకసారి కొనుక్కుంటే చాలు, ఎనర్జీ గొడవ ఉండదు. ఆపేవాళ్ళూ ఉండరు, అదే తంటా. వాడు నాకు నేర్పిన మొదటి సూత్రం: "అత్తా, నిలబడ్డచోటే నిట్టనిలువుగా కిందికి తవ్వకు." కింద లావా ఉంటే అందులో పడి పోతామట. నాకు అంత పెద్ద ప్రపంచం వద్దు. నా మాళిగ నాకు చాలు.

కళ్ళకి ఇబ్బంది లేకుండా వెలుతురు తగ్గించుకుంటాను, గదిలో లైటు వేసే ఆడతాను. ఒళ్ళో పెట్టుకుని వంగి ఆడితే మెడ పట్టేస్తుంది, అందుకని దిండు మీద నిలబెడతాను. పది దాటాక ఆట దానంతటదే మూసుకునేలా టైమర్ పెట్టింది మా అమ్మాయి.

ఆదివారం మాత్రం వంతు మా అత్తయ్యగారిది. ఆవిడకి ఎనభై. ఇంగ్లీషు రాదు, బండలు తోసే చిక్కులకి ఇంగ్లీషు అక్కర్లేదు కూడా. వామనగుంటల్లో ఆరితేరిన చెయ్యి! నేను మూడు రోజులు అవస్థ పడ్డ తలుపుని కళ్ళజోడు తుడుచుకుని రెండు తోపుల్లో తెరిచారు. తవ్వుతూ తవ్వుతూ ఎనర్జీ అయిపోయిందంటే ట్యాబ్ నా వైపు తోసి, "ఇదుగో, నీ పిల్లాడికి ఆకలేస్తోందిట, వంటేం చేశావో చూసి పెట్టు" అంటారు.